రెండు మాత్రలు సరే, ఎప్పటిదాకా?

సంపాదకుల వారికి నమస్కారం.

అక్టోబరు 29న, ప్రపంచ పక్షవాత దినం రోజున, పక్షవాతం మళ్ళీ రాకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే రెండు మాత్రలూ కలిపి వాడటం మీద మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. వ్యాసం బాగానే ఉంది. దాని మధ్యలో పసుపు రంగు డబ్బా కట్టి "ఒక మాత్ర కన్నా రెండు మాత్రలు మేలు" అని పెద్దక్షరాలతో వేశారు చూడండి, గొడవంతా దానితోనే వచ్చింది. నాకు పాలకొల్లులో మందుల షాపు ఉంది. మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఇద్దరు, మధ్యాహ్నం లోపు మరో ఇద్దరు, ఆ కటింగ్ చేత్తో పట్టుకుని వచ్చారు. వాళ్ళలో ఒకాయనకి పక్షవాతం రాలేదు. "ముందు జాగ్రత్తగా వేసుకుంటానండి, పేపర్లో పడింది కదా" అన్నారు. ఇంకొకాయనకి అయిదేళ్ళ కిందట వచ్చి తగ్గింది, ఆస్పిరిన్ ఒక్కటే వాడుతున్నారు. "అయితే ఇన్నాళ్ళూ మాకు సగం మందే ఇచ్చారన్నమాట" అని డాక్టరు గారి మీద కోపంగా ఉన్నారు.

మీరు వేసింది అబద్ధం కాదు. కానీ ఎవరికి, ఎప్పుడు మొదలుపెట్టి, ఎన్నాళ్ళు అన్నది ఆ డబ్బాలో లేదు. అది లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. అందుకే రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. డీఫార్మసీ చేసి 1994లో షాపు పెట్టుకున్నాను. అప్పట్లో పక్షవాతం అంటే మా వైపు మందుల షాపుకి వచ్చేవాళ్ళే తక్కువ. నాటు వైద్యానికి పోయేవారు, పడిపోయిన చేతికి పావురం నెత్తురు రాసేవారు. ఇప్పుడు ఆ బాధ తగ్గింది, నేరుగా ఆసుపత్రికి వెళ్తున్నారు. తిరిగొచ్చేటప్పుడు అందరి చేతిలోనూ దాదాపు ఒకే రకం చీటీ ఉంటోంది: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మాత్ర. చాలాసార్లు ఆ మూడూ కలిపిన ఒకే గొట్టం మాత్ర.

మా బావగారికీ అదే ఇచ్చారు. 2021 మార్చిలో ఆయనకి 71 ఏళ్ళు. పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే కుడిచేతిలోంచి రేజరు జారిపోయింది, వంగి తీసుకోబోతే వేళ్ళు పట్టు ఇవ్వలేదు. మా అక్కని పిలిస్తే మాట ముద్దగా వచ్చింది. నలభై నిమిషాల్లో అంతా మామూలైపోయింది. అయినా అక్క ఊరుకోకుండా కారు మాట్లాడి పెద్ద ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించింది. స్కాన్‌లో మెదడులో రక్తస్రావం లేదన్నారు, రెండు మందులూ మొదలుపెట్టారు, మూడో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి చీటీలో మందుల పేర్ల కింద "ఇవే కొనసాగించాలి, నెల తరవాత చూపించుకోవాలి" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క.

నెల తరవాత అంటే ఏప్రిల్. కరోనా రెండో విడత. ఆసుపత్రి గడప తొక్కే ధైర్యం ఎవరికుంది? బావగారు బాగానే ఉన్నారు, పేకాట కూడా మొదలుపెట్టారు. నెలనెలా మేనల్లుడు ఖాళీ స్ట్రిప్పు పట్టుకొచ్చేవాడు, "మావయ్యా, ఇవే" అనేవాడు. నేను ఇచ్చేవాడిని. చట్టం ప్రకారం కొత్త చీటీ లేకుండా ఇవ్వకూడదు. అందరం ఇస్తాం, నేనూ ఇచ్చాను. మోకాళ్ళ నొప్పులంటే డైక్లోఫెనాక్ కూడా నా షాపులోంచే వెళ్ళింది. కడుపుకి రాసిన గ్యాస్ మాత్ర మాత్రం "నాకు గ్యాస్ లేదుగా" అని బావగారే నెలకే మానేశారు.

2022 నవంబరులో బాత్‌రూమ్‌లో కళ్ళు తిరిగి పడ్డారు. వారం రోజులుగా విరేచనం తారులా నల్లగా అవుతోందని అప్పుడు బయటపెట్టారు. హిమోగ్లోబిన్ 5.8. ఎండోస్కోపీలో పుండు కనపడింది. మూడు సీసాల రక్తం ఎక్కించారు. అక్కడి డాక్టరు గారు ఆ స్ట్రిప్పు తిప్పి చూసి, "గుండెలో స్టెంట్ ఏమైనా వేశారా?" అని అడిగారు. లేదన్నాం. "మరి రెండూ ఇంకా ఎందుకు వాడుతున్నారు? ఇరవై నెలలుగా ఎవరిస్తున్నారు?" అన్నారు. అక్క నా వైపు చూసింది.

మా అమ్మాయి ఫార్మ్‌డీ చదివి హైదరాబాదులో పనిచేస్తోంది. మర్నాడు ఫోన్ చేసి, "నాన్నా, మామయ్యకి ఆ రెండూ ఎన్నాళ్ళు వాడమన్నారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ తరవాత ఆ పిల్ల పంపిన పరిశోధన వ్యాసాలన్నీ షాపు కట్టేశాక కూర్చుని చదివాను. పంటికింద రాళ్ళే, అయినా చదివాను. అర్థమైనంత చెప్తాను, తప్పుంటే మీకు తెలిసిన న్యూరాలజిస్టు గారి చేత దిద్దించండి.

ముందు ఒక మాట. వీటిని మనం రక్తం పలచబడే మాత్రలంటాం గానీ రక్తం ఏమీ పలచబడదు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లు అంటే ఇప్పుడు అందరికీ తెలుసు. దెబ్బ తగిలినచోట ఒకదానికొకటి అంటుకుని రక్తం కట్టించే కణాలు. ఇరుకైన రక్తనాళంలో కొవ్వు పేరుకున్న చోట కూడా అవి అలాగే అంటుకుంటే గడ్డ కడుతుంది, మెదడుకి రక్తం ఆగుతుంది. ఆస్పిరిన్ ఒక దారిలో, క్లోపిడోగ్రెల్ ఇంకో దారిలో ఆ జిగురు తగ్గిస్తాయి. రెండు దారులూ మూస్తే మెదడులో గడ్డ కట్టే ప్రమాదం తగ్గుతుంది, నిజమే. కానీ కడుపులో పుండు నుంచి కారే రక్తమూ త్వరగా ఆగదు.

చిన్నపాటి పక్షవాతం, అంటే వచ్చి నిమిషాల్లో, గంటల్లో తగ్గిపోయేది గానీ, కొంచెం బలహీనతతో మిగిలేది గానీ, దాని అసలు ప్రమాదం ఆ రోజున కాదు. వెంటనే వచ్చే రోజుల్లో రెండోది పెద్దగా వస్తుందని. చైనాలో 114 ఆసుపత్రుల్లో 5,170 మంది మీద చేసిన ఛాన్స్ అనే పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. 24 గంటల లోపు మొదలుపెట్టి, రెండు మందులూ కలిపి మొదటి 21 రోజులే ఇచ్చారు. మూడు నెలల్లో మళ్ళీ పక్షవాతం వచ్చినవాళ్ళు ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో నూటికి 11.7, ముందు రెండూ వాడినవారిలో 8.2. పెద్ద రక్తస్రావాలు రెండు వైపులా ఒకేలా, చాలా తక్కువ.

2018లో పాయింట్ అనే పరీక్ష వచ్చింది. పది దేశాల్లో 4,881 మంది. ఇక్కడ రెండు మందులూ పూర్తిగా 90 రోజులు ఇచ్చారు. మళ్ళీ పక్షవాతం, గుండెపోటు లాంటివి నూటికి 6.5 నుంచి 5కి తగ్గాయి. పెద్ద రక్తస్రావాలు మాత్రం 0.4 నుంచి 0.9కి పెరిగాయి. వెయ్యిమందికి వాడితే పదిహేను మందిని కాపాడి, అయిదుగురికి పెద్ద రక్తస్రావం తెచ్చిపెట్టినట్టు. ఈ రెండు పరీక్షల లెక్కలూ కలిపి చూస్తే మేలంతా దాదాపు మొదటి మూడు వారాల్లోనే జరిగిపోయిందని తేలింది. ఆ తరవాత మేలు ఆగిపోతుంది, రక్తస్రావం భయం మాత్రం వాడిన ప్రతిరోజూ వెంటే ఉంటుంది.

ఏళ్ళ తరబడి వాడితే ఏమవుతుందో కూడా చూసేశారు. 2004లో మ్యాచ్ అనే పరీక్షలో 7,599 మందికి ఏడాదిన్నర వాడారు. ఒక మందు కన్నా రెండు మందులు చెప్పుకోదగ్గ మేలేమీ చెయ్యలేదు, ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావాలు రెట్టింపయ్యాయి. 2012లో, మెదడు లోతుల్లో ఉండే సన్నటి నాళాలు మూసుకుపోయి పక్షవాతం వచ్చిన 3,020 మందిలో ఆస్పిరిన్‌కి క్లోపిడోగ్రెల్ కలిపి ఏళ్ళ తరబడి ఇచ్చి చూస్తే చావులే ఎక్కువయ్యాయి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. షాపులో ఎంతమందికి ఇలా ఇస్తున్నానో పుస్తకం తీసి చూసుకున్నాను. పదకొండు మంది కనపడ్డారు.

పక్షవాతం మళ్ళీ వచ్చే అవకాశం ఎంతో లెక్కేసే ఏబీసీడీ2 స్కోరు గురించి మీ వ్యాసంలో రాశారు. వయసు 60 నిండితే ఒకటి, బీపీ 140/90 గానీ ఆ పైన గానీ ఉంటే ఒకటి, ఒకవైపు చెయ్యి కాలు బలం తగ్గితే రెండు, మాట మాత్రమే తేడా వస్తే ఒకటి, ఆ లక్షణాలు గంట, ఆ పైన ఉంటే రెండు, పది నిమిషాల నుంచి గంట లోపైతే ఒకటి, షుగర్ ఉంటే ఒకటి. మొత్తం ఏడు. బావగారికి షుగర్ లేదు, బీపీ ఉంది. లెక్కేస్తే అయిదు వచ్చింది. బావగారిలా వచ్చి తగ్గిపోయినవాళ్ళలో నాలుగూ అంతకు పైన ఉన్నవాళ్ళనే చైనా పరీక్షలో తీసుకున్నారు. అంటే ఆ ఆసుపత్రివాళ్ళు రెండు మందులూ మొదలుపెట్టడం ముమ్మాటికీ సరైన పనే. మొదటి రోజు లెక్క వేశారు. ఇరవై రెండో రోజు లెక్క ఎవరూ వెయ్యలేదు. తప్పు అక్కడుంది, అందులో నా వాటా పెద్దది.

ఇంకొకటి. ఆ స్కోరు చెప్పేది పక్షవాతం మళ్ళీ వచ్చే అవకాశం ఎంతని. ఈ మందు ఈ మనిషికి పనిచేస్తుందా లేదా అని కాదు. చదివేవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుంటారు, మీ వ్యాసంలోనూ కలిసిపోయాయి. గుండె లయ తప్పి కొట్టుకునే మనిషిని తీసుకోండి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. స్కోరు ఆరు వచ్చినా ఆయనకి ఈ రెండు మాత్రలు సరైన మందు కాదు. గడ్డ గుండెలో కట్టి మెదడుకి పోతుంది, దానికి వార్ఫరిన్ గానీ ఇప్పుడొస్తున్న అపిక్సబాన్ లాంటివి గానీ కావాలి. అలాంటివాళ్ళలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిపి ఒకవైపు, వార్ఫరిన్ ఒకవైపు పెట్టి చూస్తే వార్ఫరిన్ అంత స్పష్టంగా గెలిచింది, పరీక్షని మధ్యలోనే ఆపేశారు. 2006 నాటి మాట ఇది. ఈ లయ తప్పడం ఒక్కోసారి వచ్చిపోతుంది కూడా. ఒక్క ఈసీజీ బాగుందని తేల్చెయ్యలేం.

పక్షవాతం పెద్దదైతే ఇంకో చిక్కు. దెబ్బతిన్న మెదడు భాగంలోకే రక్తం కారే భయం ఎక్కువ. అందుకే ఆ పెద్ద పరీక్షలు స్వల్పంగా వచ్చినవాళ్ళ మీదే చేశారు. మెదడులోని పెద్ద నాళం బాగా ఇరుకైనవాళ్ళకి డాక్టర్లు మూడు నెలల దాకా రెండూ ఇస్తారు, అది వేరే లెక్క. ఎమ్మారైలో ఒక మచ్చ ఉందా, చెదురుగా చాలా ఉన్నాయా అన్నదీ చూస్తారు. 24 గంటలు దాటిపోతే లాభం లేదనుకునేవారు గానీ, 2023లో చైనా నుంచే వచ్చిన ఇంకో పరీక్షలో నాళంలో కొవ్వు పేరుకున్నవాళ్ళకి 72 గంటల లోపు మొదలుపెట్టినా మేలు కనపడింది. రక్తస్రావం కొంచెం పెరిగింది.

నా వృత్తికి దగ్గరి విషయం ఒకటుంది, అది నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. క్లోపిడోగ్రెల్ మింగగానే పనిచెయ్యదు. లివర్‌లో ఒక ఎంజైము దాన్ని మార్చాలి. ఆ ఎంజైము పుట్టుకతోనే మందకొడిగా ఉండేవాళ్ళు మన ఆసియావాళ్ళలో ఎక్కువ. చైనా పరీక్షలో రక్తం పరీక్షించిన వాళ్ళలో సగానికి పైగా అలాంటివాళ్ళే. వాళ్ళకి క్లోపిడోగ్రెల్ కలిపినా పెద్దగా ఒరిగింది లేదు, మేలంతా మిగతావాళ్ళకే దక్కింది. అలాంటి జన్యువు ఉన్నవాళ్ళకి దాని బదులు టికాగ్రెలార్ ఇస్తే మెరుగని 2021లో తేలింది. అది రోజుకి రెండుసార్లు వేసుకోవాలి, కొందరికి ఆయాసం తెస్తుంది. ఆ జన్యు పరీక్ష మా ఊళ్ళో ఎవరు చేస్తారు, ఎవరు చేయించుకుంటారు? కానీ అదే ఎంజైముని అడ్డుకునే మాత్ర మాత్రం మా షాపులో అడక్కుండానే దొరుకుతుంది: ఒమెప్రజోల్. క్లోపిడోగ్రెల్‌తో అది వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2009లోనే హెచ్చరించింది. పాంటొప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. రెండూ మన జనానికి గ్యాస్ మాత్రలే. పాతికేళ్ళ పైన షాపు నడిపి, ఏది ఉంటే అది ఇచ్చాను.

ఇదంతా చదివి ఎవరైనా రేపే మాత్రలు ఆపేస్తారేమో అని నాకు టెన్షన్‌గా ఉంది. దయచేసి ఆపకండి. గుండెలో స్టెంట్ వేయించుకున్నవాళ్ళకి రెండూ నెలల తరబడి తప్పనిసరి, ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి కూడా రెండోది ఆపినా ఒకటి మాత్రం జీవితాంతం వాడాల్సిందే సాధారణంగా. అడగాల్సింది డాక్టరు గారిని, నన్ను కాదు, పేపర్ని అంతకన్నా కాదు. అలాగే మూతి వంకరపోగానే ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ నోట్లో వేసెయ్యకండి. మెదడులో రక్తనాళం చిట్లి రక్తం కారినా బయటికి అచ్చం ఇలాగే కనపడుతుంది. సీటీ తీస్తే గానీ తేడా తెలీదు.

కిందటి ఏడాది మా వీధి ఆటో అతను ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి వచ్చాడు. 52 ఏళ్ళు, షుగర్ ఉంది. "టీ గ్లాసు చేతిలోంచి జారిపోయిందండి, మాట తడబడింది, పావుగంటలో తగ్గిపోయింది. నరాల బలానికి ఏదైనా మంచి మాత్ర ఇవ్వండి" అన్నాడు. పాత నేనైతే బీకాంప్లెక్స్ స్ట్రిప్పు చేతిలో పెట్టి పంపేవాడినే. ఆ రోజు షట్టరు సగం దించి, వాళ్ళబ్బాయిని పిలిపించి, అతని ఆటోలోనే అతన్ని కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సీటీ, ఈసీజీ చూసి రెండు మందులూ మొదలుపెట్టారు.

వారం తరవాత అతను ఆ చీటీతో వచ్చాడు. మందుల పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో, తెలుగులో, తేదీ వేసి ఉంది: "ఈ తేదీ దాకా రెండూ. ఆ మర్నాటి నుంచి ఆస్పిరిన్ ఒక్కటే." కలిపిన గొట్టం మాత్ర రాయలేదు, విడివిడిగా రాశారు. నా ముప్ఫై ఏళ్ళ షాపులో అలాంటి చీటీ అదే మొదటిది. ఎవరో చెప్పారని అప్పుడే మానేస్తానన్నాడు. ఆ తేదీ మీద వేలు పెట్టి చూపించాను, ఇంక మాట్లాడలేదు. నేను ఎంత చెప్పినా వినేవాడు కాదు, తేదీ చెప్తే విన్నాడు.

నేను అడిగేది ఆ ఎర్ర పెన్ను గీతే. పక్షవాతంతో చేరి ఇంటికెళ్ళే ప్రతి మనిషి చీటీ మీదా, రెండు మందులు ఎందుకు, ఏ తేదీ దాకా, ఆ తరవాత ఏది మిగలాలి అన్నది తెలుగులో రాసి ఉండాలి. ఎన్నాళ్ళన్నది మనిషిని బట్టి మారుతుంది, ఒప్పుకుంటాను. ఇంకా తేల్చుకోలేకపోతే "ఫలానా తేదీన మళ్ళీ ఆలోచిద్దాం" అని రాసినా చాలు. మూడు మందులు ఒకే గొట్టంలో పెట్టి ఇస్తున్నప్పుడు అది మరీ అవసరం. మా బావగారు ఇరవై నెలలూ "నేను వేసుకునేది ఒక్క మాత్రే కదా" అనే అనుకున్నారు. అందులో ఒకదాన్ని ఆపాలంటే మాత్రే మార్చాలని ఆయనకెలా తెలుస్తుంది?

మా షాపులవాళ్ళకీ చెప్పుకోవాలి. ఖాళీ స్ట్రిప్పు చూడగానే బీరువా వైపు తిరగకుండా, "ఎప్పటి నుంచి వాడుతున్నారండి? స్టెంట్ ఉందా? నొప్పుల మాత్రలేమైనా వేసుకుంటున్నారా? విరేచనం రంగు మారిందా?" అని అడగడానికి అర నిమిషం పడుతుంది. ఒకరిద్దరు విసుక్కుని పక్క షాపుకి వెళ్ళారు, వెళ్ళనివ్వండి. ఆ పదకొండు మందినీ ఒక్కొక్కరినే వాళ్ళ డాక్టర్ల దగ్గరికి తిరిగి పంపాను. ముగ్గురికి స్టెంట్లున్నాయని అప్పుడే తెలిసింది, వాళ్ళవి అలాగే కొనసాగుతున్నాయి. ఆరుగురికి ఒక మందుకి తగ్గించారు. ఒకాయన వెళ్ళనే లేదు. ఒకామె ఈలోపే వేరే జబ్బుతో పోయారు. బావగారికి ఇప్పుడు ఒక మందూ, కడుపుకి పాంటొప్రజోల్. మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు, నన్ను తిట్టుకుంటూ.

మీ కటింగ్ పట్టుకొచ్చిన నలుగురి సంగతి. జాగ్రత్త కోసం వేసుకుంటానన్న ఆయనకి బీపీ చూసి పంపాను, 160 ఉంది, ఆయనకి ముందు కావలసింది బీపీ మాత్ర. కోపం వచ్చినాయనకి మీరు డబ్బాలో రాయనిదంతా చెప్పాను, సగం నమ్మారు. మూడో ఆయన ఎవరికో కొనడానికి వచ్చారు, ఇవ్వలేదు. నాలుగో ఆవిడ మందు అడగలేదు. కటింగ్‌తో పాటు వాళ్ళాయన ఖాళీ స్ట్రిప్పు కౌంటరు మీద పెట్టి, "మా ఆయనకి మూడేళ్ళ నుంచి ఇవే ఇస్తున్నారండి. మేలే కదా అయితే?" అన్నారు. చీటీ తెప్పించి చూశాను. తేదీ లేదు. అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేశాను. గురువారం తీసుకురమ్మన్నారు.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.
(పేరు ప్రచురించవద్దని మనవి. అక్క చదువుతుంది.)